ముప్పై నాలుగు కాలేజీల ప్రార్థన పుస్తకం

నేను పన్నెండో తరగతిలో ఉండగా ఒక శుక్రవారం మధ్యాహ్నం, పదకొండు మంది నర్సుల మధ్య కూర్చుని ఒక పొరపాటు చేశాను. "ఏం చదువుదామనుకుంటన్నావమ్మా?" అని ఒకావిడ అడిగితే నిజం చెప్పాను.

"ఇంకా తేల్చుకోలేదాంటీ."

గది మొత్తం చల్లబడిపోయింది. ఎవరికో స్కానింగులో గడ్డ కనబడిందని చెప్పిన రోజు కూడా ఆ గదిలో అంత నిశ్శబ్దం నేను చూడలేదు. గడ్డకి ఏం చేయాలో వాళ్లకు తెలుసు. తేల్చుకోని పిల్లకి ఏం చేయాలో వాళ్ల ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

సౌదీ అరేబియాలో తబూక్ అనే ఊళ్లో, మా ఫ్లాటులో ప్రతి శుక్రవారం ప్రార్థన ఉండేది. మా అమ్మ ఎమర్జెన్సీలో నర్సు. వచ్చేవాళ్లంతా కోస్తా జిల్లాల నుంచి వచ్చి అదే ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు. అక్కడ మా ప్రార్థన బయటికి వినబడకూడదు కాబట్టి కిటికీలు మూసి, గొంతు తగ్గించి, చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టడంలో వాళ్లు ఆరితేరిపోయారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చప్పట్లంటే అవే. మొదటిసారి ఇండియా వెళ్లి అమ్మమ్మ వాళ్ల చర్చిలో డ్రమ్ములూ పెద్ద పెద్ద స్పీకర్లూ విన్నప్పుడు, ఇక్కడి దేవుడికి కాస్త చెవుడేమో అనుకున్నాను.

ఆంటీలకు పేర్లుండేవి గాని ఎవరూ వాడేవారు కాదు. వార్డులే పేర్లు. డయాలసిస్ ఆంటీ, ఐసీయూ ఆంటీ, లేబర్ రూమ్ ఆంటీ. ఒకావిడను ఎముకల వార్డు నుంచి పిల్లల వార్డుకు మారిస్తే, ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో తెలియక ఆర్నెల్ల పాటు మా ఇంట్లో తికమకపడ్డాం.

వీళ్లందరిలో పెద్ద డయాలసిస్ ఆంటీ. ఆవిడ దగ్గర నల్ల అట్ట వేసిన లావుపాటి నోటు పుస్తకం ఉండేది. అందులో ప్రార్థన అంశాలు నంబర్లు వేసి రాసుకునేది. అంశం నెరవేరితే పక్కన టిక్కు పెట్టడం, ఎవరిదైతే వాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం. నెరవేరకపోతే అది అలా ఉంటుంది. కొట్టివేయడమన్నది ఆ పుస్తకంలో లేదు. కొట్టేస్తే దేవుడికి చేతకాలేదని మనం తీర్పు చెప్పినట్టట. అందుకే ఒక ఆంటీ తమ్ముడి కువైట్ వీసా కోసం వారం వారం ప్రార్థన జరుగుతూనే ఉండేది. ఈలోగా ఆ తమ్ముడు ఖతార్ వెళ్లి, పనిచేసి, తిరిగొచ్చి, తణుకులో బేకరీ పెట్టుకుని, పెళ్లి కూడా చేసుకున్నాడు.

ఇలాంటి పుస్తకంలోకి ఆ శుక్రవారం నా చదువు వెళ్లింది.

"మా పాపకి దేవుడు ఒక దారి చూపించాలని రాయక్కా" అంది అమ్మ.

"దారి అంటే ఎలాగమ్మా?" డయాలసిస్ ఆంటీ పెన్ను ఎత్తిపట్టుకుని అంది. "మందు పేరు, డోసు లేకుండా డాక్టరు ఆర్డరు రాస్తే మనం ఒప్పుకుంటామా? దేవుడి దగ్గరా అంతే. కాలేజీ పేరు చెప్పండి."

నాకు తెలియదు కాబట్టి తెలిసినవాళ్లు చెప్పడం మొదలుపెట్టారు. ఐసీయూ ఆంటీ వాళ్ల యూనిట్లో ఎవరి అబ్బాయో జార్జియాలో మెడిసిన్ చదువుతున్నాడు కాబట్టి ఒకటో నంబరు జార్జియా. విజయవాడలో మెడికల్ కాలేజీ, గుంటూరులో మెడికల్ కాలేజీ, ఫిలిప్పీన్స్‌లో మెడికల్ కాలేజీ. మంగుళూరులో దంత వైద్యం. లేబర్ రూమ్ ఆంటీ మరిది కొడుక్కి హైదరాబాదులో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌లో సీటు వచ్చింది కాబట్టి అదీ. ఫిజియోథెరపీ రెండు చోట్ల, ఫార్మసీ మూడు చోట్ల. పదకొండు మంది నర్సులు కలిసి రాయించిన ఆ జాబితాలో లేని చదువు ఒక్కటే. అదేదో చెప్పక్కర్లేదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు, ఎత్తలేదన్న సంగతి కూడా ఎవరూ గమనించినట్టు లేరు.

మా నాన్న అల్ ఖర్జ్‌లో ఒక పెద్ద పాల ఫారంలో శీతల యంత్రాలు చూసుకునే టెక్నీషియన్. దేశం నడిమధ్యన ఆయన, ఈ చివర మేము. రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఫోనులో తండ్రి.

"డెయిరీ టెక్నాలజీ రాయించవే" అన్నాడు నాన్న. "ఇక్కడ ఆవులకి ఫ్యాన్లంట, నీళ్ల తుంపరంట, టైముకి తిండంట, పిలిస్తే పరిగెత్తుకొచ్చే డాక్టరంట. పదేళ్లబట్టి చూత్తన్నాను, ఒక్క ఆవుక్కూడా ఇకామా పర్మిట్టు రెన్యువల్ బాధ లేదు."

డెయిరీ టెక్నాలజీ ఇరవై తొమ్మిదో నంబరుగా చేరింది. చలికాలం వచ్చి మేం స్వెట్టర్లు తీసేసరికి జాబితా ముప్పై నాలుగుకు చేరింది. ప్రతి శుక్రవారం డయాలసిస్ ఆంటీ ఒకటి నుంచి ముప్పై నాలుగు దాకా చదవడం, ఒక్కోదానికీ అందరూ "ఆమెన్" అనడం. ముప్పై నాలుగు ఆమెన్లయ్యేసరికి బిర్యానీ చల్లారిపోయేది. నేను తేల్చుకోకపోవడం వల్ల పదకొండు మంది చల్లటి బిర్యానీ తింటున్నారన్న బాధ నాకు నిజంగానే ఉండేది.

మా ఇండియన్ స్కూల్లో ఫిజిక్సు సారే కెరీర్ కౌన్సిలర్ కూడా. ఖాళీ పీరియడ్లో మమ్మల్ని కూర్చోబెట్టి, కాలేజీల జాబితాను మూడు గడుల్లో రాసుకోవాలని చెప్పాడు. కష్టపడితే అందేవి కొన్ని, మన మార్కులకు సరిపోయేవి కొన్ని, కళ్లు మూసుకున్నా దొరికేవి కొన్ని. నేను బుద్ధిగా గీతలు గీసుకుని ముప్పై నాలుగూ పంచాను. మొదటి గడిలో ముప్పై పట్టాయి. రెండో గడిలో నాలుగు. మూడో గడి తెల్లగా ఉంది. పైగా మొదటి గడిలో ఉన్నవాటిలో సగానికి పైగా "కష్టపడితే" అన్న మాటకు కూడా అందేలా లేవు. నీట్ మాక్ టెస్టులో నాకు ఏడు వందల ఇరవైకి రెండు వందల అరవై వచ్చాయి. సారు నా గడుల వంకా నా మార్కుల వంకా చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీ ఇంట్లో ప్రార్థన చేస్తారా?" అని అడిగాడు. చేస్తామన్నాను. "వెరీ గుడ్" అన్నాడు.

ఆంధ్రాలో కాలేజీల ఫారాలు తెరిస్తే ఇంకో సరదా. స్థానికులా, స్థానికేతరులా అని మొదటి పేజీలోనే అడుగుతారు. నేను పుట్టింది తబూక్‌లో, అక్కడ నా ఇకామా మీద నేను పరదేశిని. మా అమ్మానాన్నలు పుట్టిన జిల్లా ఫారంలో నేను స్థానికేతరురాలిని. ఎక్కడ పుట్టి ఉంటే స్థానికురాలినయ్యేదాన్నో ఆ ఫారంలోనే ఎక్కడో రాసి ఉంటుందని చివరి పేజీ దాకా చదివాను, లేదు.

అలా వెతుకుతుండగానే ఆ కాలేజీ దొరికింది. విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీ. గొప్ప పేరేమీ లేదు. కాని వాళ్ల పేజీలో ఒక వాక్యం ఉంది. మొదటి ఏడాది సైన్సూ చరిత్రా లెక్కలూ భాషా ఏవైనా కలిపి చదువుకోవచ్చు, ఏది ప్రధానంగా తీసుకోవాలో రెండో ఏడాది చివర్లో తేల్చుకోవచ్చు. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. నా మార్కులు అక్కడికి చాలు, మిగులుతాయి కూడా. ఫారంలో "ప్రధాన విషయం" అన్న చోట "ఇంకా నిర్ణయించుకోలేదు" అని ఒక గడి కూడా ఉంది. ప్రపంచంలో ఎవరో ఒకరు నాలాంటివాళ్లను జబ్బుమనుషుల్లా కాక దరఖాస్తుదారుల్లా చూశారని నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అమ్మకు చెప్పాను. "మామూలు డిగ్రీయా?" అంది. ఆ "మామూలు"లో ఉన్నదంతా చెప్పాలంటే ఇంకో పుస్తకం కావాలి. "సరే, అది కూడా ఉంచు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఉంచాను. డయాలసిస్ ఆంటీ భోజనానికి లేచినప్పుడు ఆవిడ పుస్తకం తీసి, ముప్పై నాలుగో నంబరు కింద పెన్సిలుతో రాశాను. పెన్నుతో రాసేంత ధైర్యం రాలేదు. ఆవిడకు చత్వారం, పెన్సిలు గీతలు కనబడేవి కావు. వారం వారం ముప్పై నాలుగు దాకా చదివి పుస్తకం మూసేసేది. నాకు కావలసిన ఒకే ఒక్క కాలేజీకి తప్ప మిగతా అన్నిటికీ ప్రార్థన జరిగేది.

ఇదంతా నవ్వులాటగా చెబుతున్నాను గాని అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆ విశాఖపట్నం ఫారం నెలాఖరుకు ముగుస్తుంది. దాని మీద తల్లిదండ్రుల్లో ఒకరి సంతకం కావాలి. అది పోతే నాకు మిగిలేది విజయవాడ దగ్గర లాంగ్ టర్మ్ కోచింగు. ఏడాది పాటు హాస్టల్లో పెట్టి మళ్లీ నీట్ రాయించే చోటు. అమ్మ అప్పటికే వాళ్లతో ఫోనులో మాట్లాడేసింది.

"ఫోన్లు లాగేసుకుంటారంట" అంది నాతో, అదేదో వాళ్లు ఇచ్చే బహుమతిలాగా. "పొద్దున్న ఐదింటికే లేపేత్తారంట. ఆదివారం ఒక గంట మనతో మాట్లాడనిత్తారు. ఒక్క ఏడాది కళ్లు మూసుకుంటే డాక్టరు."

"నాకు డాక్టర్ అవ్వాలని లేదు కదమ్మా."

"నువ్వే ఇంకా తేల్చుకోలేదన్నావు కదే. తేల్చుకోనప్పుడు అవ్వాలని లేదని మాత్రం ఎలా తేల్చావు?"

ఇరవై రెండేళ్లుగా ఎమర్జెన్సీలో పనిచేసిన మనిషితో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

జాబితా నుంచి కొన్నయినా తీసేయిద్దామని డయాలసిస్ ఆంటీని ఒకసారి బతిమాలాను. ఫిలిప్పీన్స్ ఒక్కటైనా తీసేయమన్నాను. "అన్ని వారాలు ప్రార్థన చేసినదాన్ని తీసేత్తామా? రేపు అక్కడే సీటొత్తే దేవుడికి ఏం మొహం చూపిత్తావు?" అంది. నేను అక్కడికి దరఖాస్తే పెట్టలేదని చెప్పాను. "అది నీ విశ్వాసంలో లోపం" అని పెన్ను మూత పెట్టేసింది.

నర్సుల బస్సు నడిపే హైదరాబాదీ అంకుల్ ఒక్కడే మనిషిలా మాట్లాడాడు. క్వార్టర్స్ నుంచి ఆసుపత్రికి వెళ్లే దారిలో నన్ను స్కూలు దగ్గర దింపేవాడు. నా ఒళ్లో కాగితం చూసి, "ఏం బేటీ, పరేషాన్ ఉన్నవ్?" అన్నాడు. చెప్పాను. అద్దంలో నా వంక చూశాడు.

"ముప్పై నాలుగు స్టాపులు పెట్టుకుంటే బస్సు డ్యూటీకి ఎప్పుడు చేరుతది? నేనైతే నాలుగు పెట్టుకుంట. అమ్మీకి చెప్పరాదు?"

"ఎలా చెప్పాలంకుల్?"

"ఆమె జబాన్‌ల చెప్పాలె. నీ జబాన్‌ల చెప్తే ఎట్ల సమజైతది?" అని స్కూలు గేటు ముందు తలుపు తెరిచాడు. అప్పుడు నాకా మాట పెద్దగా ఎక్కలేదు.

తర్వాతి వారం ఆసుపత్రిలో డ్రిల్లు జరిగింది. హైవే మీద పెద్ద ప్రమాదం జరిగి ఒకేసారి యాభై మంది గాయపడి వస్తే ఏం చేయాలో ఏటా ఒకసారి ప్రాక్టీసు చేస్తారు. గాయపడ్డవాళ్లుగా సిబ్బంది పిల్లలే నటించాలి. శనివారం పొద్దున్నే కార్ పార్కింగులో మమ్మల్ని పడుకోబెట్టి, ఒక్కొక్కరి మెడలో ఒక్కో అట్టముక్క వేలాడదీశారు. ఎవరికి ఏమైందో దాని మీద రాసి ఉంటుంది. నా దాని మీద రాసింది చిన్నదే. "ఊపిరి లేదు. గడ్డం ఎత్తి చూసినా ఊపిరి రాలేదు."

లేబర్ రూమ్ ఆంటీ కూతురు నా పక్కనే. దానికి చేయి విరిగింది. నుదుటికి ఎర్ర రంగు పూయించుకుని, ఏడాదంతా ఈ రోజు కోసమే ఎదురుచూసినట్టు పార్కింగు దద్దరిల్లేలా అరుస్తోంది. దానికి అటుపక్క ఒక చిన్న పిల్ల గుండె మీద చెయ్యి వేసుకుని నోరెత్తకుండా కూర్చుంది.

మా అమ్మ వచ్చింది. చేతిలో నాలుగు రంగుల ట్యాగులు. ఎవరిని ముందు చూడాలో తేల్చి ట్యాగు కట్టడం, వాళ్ల భాషలో ట్రయాజ్, ఆవిడ పని. ముందు అరుస్తున్నదాని దగ్గరకు వెళ్లి, "నడవగలవా?" అని అడిగింది. అది అరుపు ఆపి, నడవగలనంది. "అయితే నడిచి ఆ టెంటులోకి వెళ్లమ్మా" అని ఆకుపచ్చ ట్యాగు కట్టేసింది. అంత రంగు పూసుకున్నందుకు దక్కింది ఆకుపచ్చ అని దాని మొహం వాడిపోయింది. మాట్లాడకుండా కూర్చున్న పిల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మణికట్టు పట్టుకుని, ఎరుపు కట్టింది. ఎరుపంటే వెంటనే చూడకపోతే ప్రాణం పోతుందని.

తర్వాత నా దగ్గరకు వంగింది. నా మెడలో రాసింది చదివింది. రెండు వేళ్లతో నా గడ్డం పైకెత్తి, చెంప నా ముక్కు దగ్గర పెట్టి, మనసులో లెక్కపెట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. నా మణికట్టుకు నల్ల ట్యాగు కట్టి, వెనక్కి తిరిగి చూడకుండా తర్వాతి మనిషి దగ్గరకు వెళ్లిపోయింది. మొత్తం పది సెకన్లు పట్టి ఉంటుంది.

నల్ల ట్యాగు వాళ్లను ఇంక ఎవరూ పట్టించుకోరు. డ్రిల్లు అయ్యేదాకా గంటసేపు నేలమీద అలా పడుకుని ఉండాలి. ఆలోచించుకోవడానికి బోలెడంత టైము. మొదట్లో కాస్త నవ్వొచ్చింది. తర్వాత నాకు చచ్చేంత కోపం వచ్చింది.

ఇంటికి రాగానే మణికట్టు అమ్మ ముందు పెట్టాను.

"నేను చచ్చిపోయానని తేల్చడానికి నీకు పది సెకన్లు పట్టింది. జార్జియా విషయం తేల్చడానికి మూడు నెలలు చాలట్లేదేంటమ్మా?"

"అది డ్రిల్లే."

"కూతుర్నని ఒక్కసారైనా ఆగావా?"

"ఆగితే తర్వాత ఉన్న పిల్ల పోద్ది కదే. ఊపిరి లేదని నీ కార్డు మీద రాసుంది."

"నా మార్కుల కార్డు మీద కూడా రాసుంది. అది ఎందుకు చదవవు?"

అమ్మ వంటింట్లోకి వెళ్లింది. బియ్యం కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. ఆ పూట ఇంట్లో కుక్కర్ తప్ప ఎవరూ మాట్లాడలేదు. బస్సు అంకుల్ చెప్పిన జబాన్, అమ్మ భాష, ఇదేనేమోనని నాకు అప్పుడు తట్టింది. అమ్మను అలా చూసి గెలిచినట్టు మాత్రం అనిపించలేదు, భయమేసింది.

శుక్రవారం పొద్దున్న లేచి చూస్తే అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా డయాలసిస్ ఆంటీ పుస్తకం. ముందురోజే అడిగి తెచ్చిందట. పక్కన డ్రిల్లులో మిగిలిన ట్యాగులు నాలుగు కట్టలు.

"కూర్చో" అంది. నాకు తెలిసిన గొంతు కాదు, ఎమర్జెన్సీ గొంతు. "నేనడిగినదానికే చెప్పు. కథలొద్దు. ఫార్మసీ. నీ మార్కులకి నడుత్తుందా?"

"పట్టుకుంటే నడవొచ్చు."

పసుపు ట్యాగు, అంటే కాసేపు ఆగొచ్చు. "డెయిరీ?"

"నడవొచ్చు. కాని నాకు ఆవులంటే భయం."

"మీ నాన్నకి చెప్పకు" అని దానికీ పసుపే వేసి, కాసేపాగి తీసేసి నలుపు వేసింది. దంత వైద్యం నలుపు. ఫిలిప్పీన్స్ నలుపు. ఒక్కో పేరూ పైకి చదవడం, నా వంక చూడడం, కట్టడం. అంత వేగంగా, అంత కచ్చితంగా చేసే మనిషిని ఎదురుగా చూస్తుంటే, ఈవిడ చేతిలో పడినవాళ్లు అదృష్టవంతులనిపించింది.

విజయవాడ మెడికల్ కాలేజీ దగ్గర ఆగింది.

నల్ల ట్యాగు చేతిలో ఉంది. కట్టట్లేదు. అలా పట్టుకుని కూర్చుంది.

"నేను కూడా రాశాలే ఒకసారి" అంది.

"ఏం రాశావు?"

"ఎంట్రెన్సు. మెడిసిన్‌కి. కొంచెంలో పోయింది. ఇంకోసారి రాత్తానంటే మా నాన్న ఒప్పుకోలేదు. మిషన్ ఆసుపత్రిలో నర్సింగుకైతే స్టైపెండ్ ఇత్తారని అందులో పడేశాడు. పదిహేడేళ్లు నాకప్పుడు."

పదిహేడేళ్ల నుంచి ఆవిడ కూతుర్ని నేను. ఈ సంగతి అప్పుడే వింటున్నాను. మనిషికి ఇంకో ఛాన్సు ఇవ్వకపోతే ఎలా ఉంటుందో తెలుసు కాబట్టే నాకు బలవంతంగా ఆ ఛాన్సు ఇవ్వబోయిందని కూడా అప్పుడే అర్థమయింది. అమ్మ మీద నాకున్న కోపం ఏమయిందో తెలియదు. లేచి వెళ్లి వాటేసుకుందామనుకున్నాను.

"నువ్వెళ్లి టీ పెట్టు" అంది.

టీ తెచ్చేసరికి మెడికల్ కాలేజీలన్నీ అయిపోయాయి.

మధ్యాహ్నం ప్రార్థనకు వచ్చి పుస్తకం తెరిచిన డయాలసిస్ ఆంటీ గుండె పట్టుకుంది. పేజీ నిండా రంగు రంగుల ట్యాగులు వేలాడుతున్నాయి.

"కొట్టేశావా!"

"ఒక్క గీత గీయలేదక్కా, చూసుకో" అంది అమ్మ. "ట్రయాజ్ చేశాను."

పదకొండు మందీ పుస్తకం మీదకు వంగారు. ఇది విశ్వాసానికి సంబంధించిన గొడవ అయి ఉంటే సాయంత్రం దాకా సాగేది. కాని ట్యాగులు చూడగానే వాళ్లు ప్రార్థన సంఘం నుంచి షిఫ్టు టీములోకి మారిపోయారు. ఐసీయూ ఆంటీ నా మార్కులు అడిగి తెలుసుకుని, "బెడ్లు ఎన్నున్నాయో అంతమందినే కదా తీసుకుంటాం" అని తలూపింది. లేబర్ రూమ్ ఆంటీ మాత్రం జార్జియాను వదలలేదు.

"దీనికి ఇంకాసేపు సీపీఆర్ చేద్దాం అక్కా. చిన్న వయసు."

"మూడు నెలలు చేశాం" అంది ఐసీయూ ఆంటీ.

"పల్స్ లేదంటావా?"

"రెండొందల అరవై."

లేబర్ రూమ్ ఆంటీ నా వంక జాలిగా చూసి, గోడ గడియారం చూసింది. "రెండూ ముప్పావు" అంది, పేషెంటు పోయిన టైము ప్రకటించినట్టు. డయాలసిస్ ఆంటీ అలవాటు కొద్దీ జార్జియా పక్కన ఆ టైము రాసేసింది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఫిలిప్పీన్స్ రెండు నలభై ఏడు. మంగుళూరు రెండు నలభై తొమ్మిది. వరసలో కువైట్ వీసా కూడా పోయింది. ఆ తమ్ముడి అక్క మొదట బిక్కమొహం వేసినా, పోనీలే, ఇంక వాడు బేకరీ చూసుకుంటాడంది. దేవుడికి కూడా ఆ పూట ప్రాణం కుదుటపడి ఉంటుంది.

చివరికి డయాలసిస్ ఆంటీ పేజీ అడుగున వేలు పెట్టి, కళ్లజోడు పైకెత్తి, కాగితం ముక్కు దాకా తెచ్చుకుంది.

"ఇదేంటి, పెన్సిలుతో ఉంది? దీనికి ఆకుపచ్చ కట్టావు. ఎప్పట్నించుంది ఇది?"

"చాన్నాళ్లబట్టి ఉందక్కా. దాని కాళ్ల మీద అదే నడుత్తుంది. అరవలేదు, అందుకే మనం చూడలేదు" అంది అమ్మ. "నేను రోజూ చేసే పనే. ఇంట్లో చేయడానికి ఇన్నాళ్లు పట్టింది."

"ఏం చదూద్ది అక్కడ?"

అందరూ నా వంక చూశారు. నేను నోరు తెరిచేలోగా అమ్మే చెప్పింది.

"ఇంకా తేల్చుకోలేదు."

ఈసారి నిశ్శబ్దం అంత సేపు లేదు. డయాలసిస్ ఆంటీ నా పెన్సిలు గీతల మీద పెన్నుతో దిద్ది, ఒకటో నంబరు వేసి, పక్కన "తేల్చుకోవడానికి రెండేళ్లు" అని మోతాదు కూడా రాసుకుంది. కళ్లు మూసుకున్నారు. ఒక్కటే ఆమెన్. ఆ రోజు బిర్యానీ వేడిగా తిన్నాం. తిన్నాక అమ్మ చేయి తుడుచుకుని నా ఫారం మీద సంతకం పెట్టింది.

పసుపు వాటికీ దరఖాస్తులు పెట్టాను, రెండు చోట్ల పిలిచారు. ఆకుపచ్చ అన్నిటికంటే ముందు పిలిచింది. జూన్‌లో నా సర్టిఫికెట్లన్నీ ఒక ప్లాస్టిక్ ఫైలులో అమ్మే సర్ది, జిప్పు వేసి, బ్యాగులో అడుగున పెట్టింది. కాలేజీ దాకా తెరవొద్దంది.

విశాఖపట్నంలో అడ్మిషన్ కౌంటరు ముందు చెమటలు కక్కుతూ క్యూలో నిలబడి, నా వంతు రాగానే ఆ ఫైలు క్లర్కుకు ఇచ్చాను. ఆయన టెన్త్ మెమో తీశాడు, పన్నెండో తరగతి మెమో తీశాడు, పాస్‌పోర్టు కాపీ తీశాడు. ఫైలు దులిపితే నల్ల ట్యాగు బల్ల మీద పడింది.

దాని మీద పేషెంటు వివరాలు రాయడానికి గీతలుంటాయి. కాలేజీల ట్యాగుల మీద అమ్మ కాలేజీ పేరు రాసింది. దీని మీద పేరు దగ్గర తన పేరే రాసుకుంది, పెళ్లికి ముందున్న ఇంటిపేరుతో. వయసు దగ్గర పదిహేడు. పరిస్థితి దగ్గర, ఊపిరి లేదు.

క్లర్కు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనక క్యూ పెరిగిపోతోంది.

"ఇదెవరిదమ్మా?"

"మా అమ్మది సార్."

"ఒరిజినలా, జిరాక్సా? ఒరిజినల్స్ అన్నీ మేమే ఉంచుకుంటాం."

"ఒరిజినలే సార్" అన్నాను. "కాని ఇది నా దగ్గర ఉంచుకుంటాను."